సుంకం సున్నా అయినా బ్రెగ్జిట్ దెబ్బ ఎక్కడ తగిలింది?

ప్రశ్న: "ఈయూ (ఐరోపా సమాఖ్య) నుంచి బయటికొచ్చినా బ్రిటన్‌కు సుంకాలు సున్నాయే కదా, మరి వ్యాపారం దెబ్బతిందని ఎందుకంటున్నారు? రాజకీయంగానైనా ఏమన్నా కలిసొచ్చిందా?"

తిరకాసంతా ఆ "సున్నా"లోనే ఉంది. 2020 డిసెంబర్ 24న ఈయూతో కుదిరిన ఒప్పందం అన్ని సరుకులకూ సుంకం ఎత్తెయ్యలేదు. బ్రిటన్‌లోనో ఈయూలోనో పుట్టిన సరుకని నిబంధనల ప్రకారం రుజువు చేసుకుంటేనే సున్నా, లేకపోతే మామూలు సుంకం కట్టాల్సిందే. మార్క్స్ అండ్ స్పెన్సర్ వాళ్ల పర్సీ పిగ్ మిఠాయి ఈ గొడవలోనే పేరుకెక్కింది. అది జర్మనీలో తయారై బ్రిటన్ గోదాములో దిగుతుంది, అక్కణ్ణుంచి ఐర్లాండ్ కొట్లకు వెళ్తుంది. జర్మనీ ఈయూయే, ఐర్లాండూ ఈయూయే. అయినా మధ్యలో బ్రిటన్‌లో దిగి, ఏ మార్పూ లేకుండా మళ్లీ బయల్దేరింది కాబట్టి దానికి సున్నా వర్తించదు. అట్టపెట్టె మార్చినా, లేబుల్ అతికించినా లాభం లేదు. దాన్ని తయారీ కింద లెక్కెయ్యరు.

సరే, సరుకు పక్కా బ్రిటన్‌దే అనుకుందాం. అయినా అసలు దెబ్బ సుంకంది కాదు, కాగితాలది. ఇంగ్లండ్ నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లే ఒక లారీని తీసుకోండి. 13.6 మీటర్ల ట్రైలర్‌లో 26 పాలెట్లు (సరుకు పేర్చే చెక్క పలకలు) పడతాయి. పది మంది ఎగుమతిదారుల సరుకు కలిపి వేసుకునే లోడు, గ్రూపేజ్ అంటారు. అందులో ఒక్క పాలెట్ చెద్దార్ చీజ్. 2020 చివరిదాకా దానికి ఇన్‌వాయిసు, రవాణా పత్రం ఉంటే చాలు, డ్రైవర్ ఇంగ్లండ్ రేవు డోవర్‌లో ఓడెక్కి ఫ్రాన్స్ రేవు కలేలో దిగి వెళ్లిపోయేవాడు.

2021 జనవరి 1 నుంచి అదే పాలెట్‌కు ఏమేం కావాలో చూడండి. ఎగుమతిదారుకు ఈఓఆర్ఐ నంబరు (కస్టమ్స్ దగ్గర వ్యాపారి గుర్తింపు), సరుకుకు హెచ్ఎస్ కోడు (అదే రకం సరుకో చెప్పేది), బ్రిటన్ వైపు ఎగుమతి డిక్లరేషన్, ఫ్రాన్స్ వైపు దిగుమతి డిక్లరేషన్, ఇన్‌వాయిసు మీద సరుకు పుట్టుక గురించి నిర్ణీత పదాలతో ఒక వాక్యం. కింద ఉన్న చెక్క పాలెట్‌కు కూడా లెక్కుంది. కలప లోపలిదాకా 56 డిగ్రీల వేడి 30 నిమిషాల పాటు తగిలిందని దాని మీద ముద్ర కనపడాలి. ఇక చీజ్ జంతు సంబంధ ఆహారం కాబట్టి హెల్త్ సర్టిఫికెట్ కావాలి, దాని మీద ప్రభుత్వ గుర్తింపు ఉన్న వెటర్నరీ డాక్టర్ సంతకం చెయ్యాలి. సర్టిఫికెట్ ఫ్రెంచ్‌లో ఉండాలి. సంతకం, ముద్ర అచ్చు రంగులో ఉండకూడదు, అంటే నల్ల అక్షరాల మీద నల్ల సిరా పనికిరాదు. వర్తించని వాక్యాలను కొట్టేసి, ప్రతి కొట్టివేత దగ్గరా మళ్లీ ముద్ర వెయ్యాలి. లారీ చేరకముందే ఈయూ వాళ్ల ట్రేసెస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో దిగుమతిదారు వివరాలు ఎక్కించాలి. ఓడెక్కే ముందు డిక్లరేషన్ల బార్‌కోడును లారీ నంబరుతో జత చేస్తారు. ఓడ ఇంగ్లిష్ ఛానల్ దాటే గంటన్నరలో కంప్యూటర్ తేల్చేస్తుంది. ఆకుపచ్చ వస్తే నేరుగా రోడ్డెక్కొచ్చు, నారింజ వస్తే పక్కకు లాగాలి. చీజ్ ఉందంటే తనిఖీ కేంద్రానికి వెళ్లక తప్పదు.

తప్పులు జరిగేదీ ఇక్కడే. పెట్టె మీది బ్యాచ్ నంబరు సర్టిఫికెట్‌లో ఒక అంకె తేడాగా పడుతుంది. సీల్ తెగితే కొత్తది వేస్తారు, కాగితం మీద పాత నంబరే ఉండిపోతుంది. ఒక పేజీకి ముద్ర మర్చిపోతారు. అప్పుడు ఆగేది ఆ పాలెట్ ఒక్కటే కాదు, మిగతా 25 పాలెట్లతో సహా లారీ మొత్తం. మీ కాగితాలు ఎంత చక్కగా ఉన్నా, పక్క పాలెట్ వాడు అజాగ్రత్తగా ఉంటే మీ సరుకూ కలేలో పడిగాపులు కాస్తుంది. అందుకే చాలామంది రవాణాదారులు చిన్న ఎగుమతిదారుల పాలెట్లను, ముఖ్యంగా మాంసం, పాలు, చేపలకు సంబంధించిన వాటిని, ఎక్కించుకోవడానికే ముఖం తిప్పేశారు.

ఇప్పుడు లెక్క. డాక్టర్ సర్టిఫికెట్టు, రెండు వైపులా ఏజెంట్ల ఫీజు, తనిఖీ కేంద్రం రుసుము అన్నీ కలిపి 400 పౌండ్లు అనుకుందాం. లక్ష పౌండ్ల సరుకున్న నిండు లారీకి అది 0.4 శాతం, ఎవరూ పట్టించుకోరు. వెయ్యి పౌండ్ల పాలెట్‌కు 40 శాతం. లాభం పోవడం సంగతి దేవుడెరుగు, సరుకు పంపడమే దండగ. సుంకం విలువను బట్టి పడుతుంది, కాగితం ఖర్చు ఎన్నిసార్లు పంపామన్నదాన్ని బట్టి పడుతుంది. ఈ ఒక్క ముక్క అర్థమైతే బ్రెగ్జిట్ ఆర్థికం ముప్పావు వంతు అర్థమైనట్టే. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ పరిశోధకుల లెక్కలో 16 వేలకు పైగా సంస్థలు ఈయూకు ఎగుమతి మానుకున్నాయి, దెబ్బ ప్రధానంగా చిన్నవాళ్ల మీదే పడింది. దేశం మొత్తం ఎగుమతుల అంకెలు చూసి "ఏం కాలేదుగా" అనేవాళ్లకు ఈ చిన్నవాళ్లు కనపడరు, ఎందుకంటే ఆ అంకెలను మోసేది పెద్ద కంపెనీలు.

చిన్నవాళ్లు తరచూ పడిన ఇంకో గుంట ధర చెప్పే పద్ధతి. పాత అలవాటు కొద్దీ "మీ గుమ్మం దగ్గరికి చేర్చే ధర" చెప్పేశారు. వాణిజ్య భాషలో అది డీడీపీ. సరిహద్దు వచ్చాక దానర్థం మారిపోయింది. ఫ్రాన్స్‌లో దిగుమతిదారు కూడా మీరే అవుతారు. మీకు ఈయూ ఈఓఆర్ఐ కావాలి, అక్కడి వ్యాట్ నంబరు కావాలి, మీ తరఫున బాధ్యత తీసుకునే ప్రతినిధి కావాలి. ఒప్పందంలో మూడక్షరాలు మార్చి దిగుమతి బాధ్యత కొనేవాడికి వదిలేస్తే తప్పే తలనొప్పి ఇది. కాకపోతే ఆ కాగితాల గోల నాకెందుకని కొనేవాడు ఏ స్పెయిన్ నుంచో తెప్పించుకుంటాడు.

చేపల కథ మరీ అన్యాయం. "మా సముద్రం మాకు" అని బ్రెగ్జిట్ ప్రచారంలో పడవలెక్కించింది చేపల వాళ్లనే. 2021 జనవరి 18న సముద్ర ఆహార వ్యాపారులే లారీలు తెచ్చి లండన్‌లో పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్‌లో నిలబెట్టి నిరసన తెలిపారు. సరుకేమో గంటల లెక్కన పాడైపోతుంది, సర్టిఫికెట్టేమో రోజుల లెక్కన వస్తుంది. ఆల్చిప్పల్లాంటి వాటిలో, అంత శుభ్రం కాని నీళ్లలో పెరిగినవాటిని ముందే శుద్ధి చెయ్యకుండా పంపడమే కుదరదు పొమ్మన్నారు. బయటి దేశాలకు ఈయూ ఎప్పటినుంచో పెట్టిన రూలే అది. బ్రిటన్ లోపల ఉన్నన్నాళ్లు తగల్లేదు, అంతే. ఆ నెలలోనే నెదర్లాండ్స్ రేవులో ఒక డ్రైవర్ హామ్ శాండ్‌విచ్ లాగేసుకుంటూ "వెల్కమ్ టు ద బ్రెగ్జిట్, సర్" అన్న అధికారి వీడియో ప్రపంచమంతా తిరిగింది. నవ్వుకున్నారు గానీ, ఆ శాండ్‌విచ్‌కూ మన చీజ్ పాలెట్‌కూ వర్తించే సూత్రం ఒకటే.

ఈ విషయాలేవీ 2016లో బ్రెగ్జిట్ మీద జనం ఓటేసేముందు చర్చకే రాలేదన్నది నా అక్కసు. బయటికి రావాలన్న పక్షం బస్సు మీద వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకు పోతున్నాయని రాసుకు తిరిగింది. బ్రిటన్‌కు దక్కే రాయితీని తీసెయ్యకముందు అంకె అది, అంత డబ్బు అసలు కట్టనే లేదు. లోపలే ఉండాలన్న పక్షం తక్కువేం తినలేదు. ఓటు పడిందే తడవు మాంద్యం వచ్చేస్తుందని ఖజానా శాఖ భయపెట్టింది, అది రాలేదు. ఆ జోస్యం తప్పింది కాబట్టి దీర్ఘకాలంలోనూ నష్టం లేదని జనం అనుకున్నారు. నష్టం కూలిపోయే గోడలా రాలేదు, చెమ్మలా ఎక్కింది. ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని ప్రభుత్వ బడ్జెట్ సంస్థ ఓబీఆర్ వేసిన అంచనా అలాంటిదే.

కోవిడ్ టీకాకు ముందుగా అనుమతి ఇవ్వగలిగింది బ్రెగ్జిట్ వల్లే అని ఇప్పటికీ వాదిస్తారు. ఆ అనుమతి ఇచ్చింది 2020 డిసెంబర్ 2న. అప్పటికి బ్రిటన్‌లో ఈయూ చట్టమే నడుస్తోంది, ఆ చట్టంలోని అత్యవసర వెసులుబాటు కిందే ఇచ్చారు.

రాజకీయం సంగతికొస్తే, చట్టాలు చేసుకునే అధికారం తిరిగొచ్చిన మాట నిజం. దాన్ని వాడుకోవడం దగ్గరే చిక్కు. ఈయూకు అమ్మాలంటే ఈయూ ప్రమాణాలు పాటించాలి, కానీ ఆ ప్రమాణాలు రాసే గదిలో ఇప్పుడు కుర్చీ లేదు. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లో అయితే మరీను. ఐర్లాండ్ ద్వీపంలో సరిహద్దు గేటు పెట్టకూడదు కాబట్టి తనిఖీలు ఐరిష్ సముద్రం మీదికి వచ్చాయి. అంటే ఒకే దేశంలో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు సరుకు పంపడానికి కాగితాలు. 2023 ఫిబ్రవరి నాటి విండ్సర్ ఒప్పందంతో అక్కడే ఉండే సరుకుకు ఆకుపచ్చ దారి, ఈయూకు దాటేదానికి ఎర్ర దారి వేసి, ఆహార పొట్లాల మీద "ఈయూకు కాదు" అని రాయించి కొంత సర్దారు.

"సరిహద్దు మా చేతిలో" అన్నవాళ్లు తమ వైపు తనిఖీలను మాత్రం పదే పదే వాయిదా వేశారు. ఈయూ నుంచి వచ్చే ఆహారానికి భౌతిక తనిఖీ మొదలైంది 2024 ఏప్రిల్ 30న, అంటే ఫ్రాన్స్ మొదటి రోజు నుంచీ చేస్తున్న పనికి మూడేళ్లకు పైగా ఆలస్యంగా. తనిఖీ చేస్తే ధరలు పెరుగుతాయని వాళ్లకూ తెలుసు.

కొత్త ఒప్పందాలు ఉన్నాయి, కాదనను. పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమి సీపీటీపీపీలో చేరారు. దాని వల్ల దీర్ఘకాలంలో జీడీపీ 0.08 శాతం పెరుగుతుందని బ్రిటన్ ప్రభుత్వమే లెక్కగట్టింది. పక్కింటి సంత పోగొట్టుకుని ఏడు సముద్రాల అవతల కొట్టు తెరిస్తే వచ్చే లెక్క అంతే ఉంటుంది.

2025 మే 19న స్టార్మర్ ప్రభుత్వం ఈయూతో ఆహార, పశు ప్రమాణాల మీద సూత్రప్రాయంగా ఒక ఒప్పందానికి వచ్చింది. ఈయూ నియమాలు మారినప్పుడల్లా బ్రిటన్ కూడా మార్చుకోవాలి, ఓటు మాత్రం ఉండదు. బదులుగా ఆ చీజ్ పాలెట్‌కు వెటర్నరీ సర్టిఫికెట్ గోల తప్పుతుంది. కస్టమ్స్ డిక్లరేషన్లూ, ఇన్‌వాయిసు మీద పుట్టుక వాక్యమూ అలాగే ఉంటాయి.