పిటూనియా విత్తనం మీద మట్టి కప్పారా?

సందేహం: పిటూనియా విత్తనాలు ప్రోట్రేల్లో (నారు పోసే గుంటల ట్రేలు) రెండుసార్లు వేశాను. పదింటికి రెండో మూడో మొలిచాయి. ఆ మొక్కలు కూడా సన్నగా సాగి, చివర ఒకటి రెండు పూలే పూస్తున్నాయి. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగాయి. విత్తనం నకిలీదా సార్?

సమాధానం: విత్తనాన్ని అనుమానించే ముందు ఒకటి గుర్తు చేసుకోండి. వేశాక పైన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) కప్పారా? టమాటా, మిరప నారు పోసిన అలవాటుతో చాలామంది అదే చేస్తారు. పిటూనియా విత్తనాలు గ్రాముకు దాదాపు పది వేలు తూగుతాయి, ఆవగింజ దాని ముందు కొండ. పైకి తోసుకొచ్చే శక్తి దానికి లేదు, పైగా వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది.

ఈసారి ట్రేలోని మిశ్రమాన్ని ముందే తడపండి. విత్తనాన్ని సన్నటి పొడి ఇసుకలో కలిపి చల్లి, అరచేత్తో మెల్లగా అద్ది వదిలేయండి. పైనుంచి నీళ్లు పోస్తే అంతా ఓ మూలకు కొట్టుకుపోతుంది. ట్రేను నీళ్ల పళ్లెంలో పెడితే అడుగునుంచి తడి పీల్చుకుంటుంది. మీది పైన పొర పూసిన గుళికల విత్తనమైతే ఆ పొర కరిగేదాకా తడి ఆరకూడదు. 21–24 డిగ్రీల వేడిలో 7–10 రోజుల్లో మొలకలొస్తాయి. తేమ కోసం ప్లాస్టిక్ షీటు కప్పితే, మొలక కనబడగానే తీసేయాలి. లేదంటే నారుకుళ్లు ఖాయం.

మొక్కలు సాగడానికి ప్రధాన కారణం ఎండ చాలకపోవడం. రోజుకు ఆరు గంటలైనా నేరుగా పడాలి. మొక్క నాలుగంగుళాలు కాగానే చిగురు తుంచండి. మనసొప్పదు, నిజమే. కానీ తుంచకపోతే పక్క కొమ్మలు సరిగా రావు. ఇప్పటికే సాగినవాటిని సగానికి కత్తిరించండి, కింద కొన్ని ఆకులు మాత్రం ఉంచాలి. వాడిన పువ్వును లాగితే రేకులు జిగురుగా చేతికొస్తాయి, పని అయిపోయిందనిపిస్తుంది. అడుగున పచ్చటి రక్షక పత్రాల మధ్య చిన్న కాయ ఉండిపోతుంది. దాన్ని కూడా కాడతో గిల్లేయాలి, లేదంటే మొక్క విత్తనం కట్టే పనిలో పడుతుంది.

ఇక పసుపు సంగతి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే ఇనుము లోపం. మట్టి ఉదజని సూచిక (pH) 6.5 దాటితే ఇది మామూలే, 5.5–6 మధ్య ఉండాలి. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ముందు రెండు కుండీల మీదే చూడండి, ఆకులు సున్నితం. అడుగు ఆకుల నుంచి పసుపెక్కుతుంటే మాత్రం అది నత్రజని లోపం.

మరొకటి. పిటూనియా పొగాకు కుటుంబపు మొక్క, ఆ పేరు కూడా పొగాకుకున్న పాత పేరు నుంచే వచ్చింది. బీడీ కాల్చిన చేత్తో చిగురు తుంచితే పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ అంటుకోవచ్చు. సబ్బుతో చేతులు కడుక్కునే మొక్క ముట్టుకోండి. ఆకుల మీద ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలు కలగలిసి కనిపిస్తే ఆ మొక్క పీకి దూరంగా పారేయండి.