దుకాణం ముందటి జాగా ఎవరిది?

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతున్నది. సైకిల్ మీద బడికి పోతానంటుంది కానీ, హనుమకొండ చౌరస్తా దాటేవరకు రోడ్డు అంచు పొడవునా బండ్లే నిలిపి ఉండడంతో పంపడానికి ధైర్యం చాలడం లేదు. భద్రకాళి చెరువు కట్ట (బండ్) మీద నడుద్దామన్నా అక్కడిదాకా స్కూటరు మీదే పోవలసి వస్తున్నది. బజారు నుంచి బండ్ వరకు నడిచేవారికీ సైకిళ్ళకూ కలిపి ఒక దారి కావాలని కాలనీవాళ్ళం వినతిపత్రం రాస్తున్నాం. అందులో ఏమేమి అడగాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

ప్రశ్న: చౌరస్తా దగ్గర మాకు బట్టల దుకాణం ఉంది. రోడ్డు పక్కన దారి వేస్తే మా ముందు పార్కింగ్ పోతుంది, గిరాకీ మాల్‌కు మళ్ళుతుంది. పిల్లల క్షేమం వద్దని మేమెందుకంటాం? మా పొట్ట మీద నుంచి దారి వేయకూడదు కదా?
– ఒక వస్త్రవ్యాపారి, హనుమకొండ

జవాబు: రెండు ఉత్తరాలూ ఒకే జాగా గురించి కాబట్టి జవాబు కలిపి ఇస్తున్నాం. సైకిల్ దారి అనే మాట మన నగరానికి కొత్తదేమీ కాదు. నగరాలను సైకిళ్ళకు అనువుగా మార్చేందుకు కేంద్రం 2020లో ప్రారంభించిన ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో గెలిచిన 11 నగరాలలో వరంగల్ కూడా ఒకటి. అయితే పోటీలో గెలవడం వేరు, చౌరస్తాలో నాలుగు అడుగుల జాగా ఖాళీ చేయించడం వేరు.

ముందుగా వ్యాపారిగారికి. మీ భయం అకారణమైనది కాదు, కానీ అది ఇంకా లెక్కకు రాలేదు. ఒక వారం పాటు, దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేవరకు, మీ ముందు నిలిచిన బండ్ల నంబర్లను అరగంటకొకసారి ఒక నోటు పుస్తకంలో రాయించండి. ఉదయం పదింటికి నిలిపిన బండి రాత్రి తొమ్మిదింటికి గానీ కదలకపోతే అది గిరాకీ తెచ్చిన బండి కాదు. మీదో, మీ గుమాస్తాదో, పక్క ఆఫీసు ఉద్యోగిదో అయి ఉంటుంది. అదే జాగాలో అరగంటకొక బండి మారితే, ఆ పదకొండు గంటలలో 22 మంది కొనుగోలుదారులు వచ్చిపోగలరు. అంటే మీకు కావలసింది బండి నిలిచే జాగా కన్నా, బండి కదిలే జాగా. మరో లెక్క కూడా చూడండి: రోడ్డు వెంట వరుసగా కార్లు నిలిపితే ఒక్కొక్కదానికి దాదాపు 6 మీటర్ల పొడవు పోతుంది, అంత మేరలోనే ఐదారు మోటారు సైకిళ్ళు అడ్డంగా నిలుస్తాయి. పరకాల, నర్సంపేట నుంచి ఆర్టీసీ బస్సు దిగి సంచులతో నడిచివచ్చేవారిని ఏ పార్కింగ్ లెక్కలోనూ ఎవరూ చేర్చరు, పెళ్ళి బట్టలకు వాళ్ళే గదా ఎక్కువగా వచ్చేది! సద్దుల బతుకమ్మ ముందు రోజులలో బండి పెట్టడానికి సందు దొరకకపోయినా మీ కౌంటరు ఖాళీగా ఉండదన్న సంగతి మాకన్నా మీకే బాగా తెలుసు.

చెన్నైలోని పాండీ బజారులో 2019లో నడకదారులను వెడల్పు చేశారు, దగ్గరలోనే బహుళ అంతస్తుల పార్కింగ్ కూడా కట్టారు. టొరంటోలోని బ్లూర్ వీధిలో 2016లో కొంత పార్కింగ్ తీసి సైకిల్ దారి వేశాక కొనుగోళ్ళు తగ్గకపోగా పెరిగాయి. కానీ ఆ వీధి కింద మెట్రో రైలు నడుస్తుంది. మనకు అది లేదు కాబట్టి ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చి చూపడం న్యాయం కాదు. మనం పాండీ బజారునే చూడాలి: జాగా తీస్తే బదులు జాగా చూపాలి. ఆ బదులు జాగా చాలావరకు మన భవనాల కింద సెల్లార్ల రూపంలో ఇప్పటికే ఉంది. అనుమతి పత్రంలో పార్కింగ్ అని చూపి, ఆ తరువాత గోదాములుగానో దుకాణాలుగానో మార్చిన సెల్లార్లను ఖాళీ చేయించమని వ్యాపారుల సంఘమే నగరపాలక సంస్థను అడిగితే ఆ మాటకు బలం ఎక్కువ. వాణిజ్య సముదాయాలలో మొదటి 30 నిమిషాల పార్కింగ్‌కు రుసుము తీసుకోరాదని 2018 మార్చిలో రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. రోడ్డు మీద కూడా అదే పద్ధతి పెట్టి, ఆ తరువాత గంట గంటకూ రుసుము పెంచితే రోజంతా నిలిచే బండ్లు వాటంతట అవే సెల్లార్‌లోకి దిగుతాయి. సరుకు ఆటోలకు ఉదయం పదింటి లోపు సమయం కేటాయించాలి.

ఇక అమ్మగారికి. ‘ఒక దారి వేయండి’ అని మాత్రమే రాస్తే ఒక తెల్ల గీత గీస్తారు, తెల్లారేసరికి దాని మీద బండి ఉంటుంది. కొలతలతో అడగండి. నడకదారిలో అడ్డంకులు లేని వెడల్పు నివాస ప్రాంతాలలో కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతాలలో 2.5 మీటర్లు ఉండాలని, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలలో చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ గద్దెలు, దుకాణాల ర్యాంపులు, స్తంభాలు పోగా మిగిలే వెడల్పునే కొలవాలని వినతిపత్రంలో స్పష్టంగా రాయండి.

మీ కోరికలో ఒక్క మార్పు మాత్రం సూచిస్తాం. బండ్ వైపు నడిచేవారినీ సైకిళ్ళనూ ఒకే దారిలో కలపవచ్చు, కానీ బజారులో కలపకూడదు. దుకాణం మెట్టు దిగిన మనిషి నేరుగా సైకిల్ ముందుకే వస్తాడు. అక్కడ నడకదారి వేరుగా, సైకిల్ దారి రోడ్డు మట్టంలో సిమెంటు దిమ్మెల వెనుక ఉండాలి. నిలిపిన కారు తలుపు అకస్మాత్తుగా తెరుచుకుంటే అమ్మాయికి తగలనంత ఎడం కూడా ఉండాలి. పూలమ్మే వారినీ పండ్ల బండ్లనూ ఖాళీ చేయించమని మాత్రం రాయకండి. 2014 వీధి విక్రేతల చట్టం వారికి రక్షణ ఇచ్చింది, పైగా సాయంత్రం వేళ ఆ దారి మీద మనుషులు ఉండేది వాళ్ళ వల్లనే.

మీ ఇద్దరి ఉత్తరాలలోనూ విరోధం మాకు పెద్దగా కనబడలేదు. శాశ్వతంగా తవ్వకముందే, తీసివేయడానికి వీలైన దిమ్మెలతో మూడు నెలలు ప్రయోగంగా నడపమని ఇద్దరూ ఒకే కాగితం మీద అడగవచ్చు. ప్రయోగం దసరాకు ముందు మొదలైతే వ్యాపారిగారు సంతకం పెట్టరు; ఆషాఢం అందామంటే అది తగ్గింపు అమ్మకాల కాలం. పెళ్ళి ముహూర్తాలు లేని మూఢం రోజులు ఎప్పుడు వస్తాయో పంచాంగం చూసి, ఆ తేదీని ఆయననే రాయమనండి.