నాలుగో నంబర్లోనే తిరిగే హీటర్ ఫ్యాన్

ప్రశ్న: ఎనిమిదేళ్ల నాటి డీజిల్ కారండి. తెల్లవారుజామున రావులపాలెం వైపు వెళ్తుంటే మంచుకి ముందు అద్దం లోపలివైపు ఆవిరి పట్టేస్తోంది. హీటర్ పెడితే ఫ్యాన్ 1, 2, 3 నంబర్లలో తిరగదు. 4లో మాత్రం హోరుమంటోంది. షెడ్డులో మోటారు మార్చాలన్నారు. మార్చేయమంటారా?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ఆగండి. 4లో హోరుమంటోందంటే మోటారుకి ప్రాణం ఉంది. ఫ్యూజు, రిలే (మోటారుకి కరెంటు కలిపే చిన్న స్విచ్ డబ్బీ) కూడా బాగున్నట్టే. పోయింది రెసిస్టర్. 1, 2, 3 నంబర్లలో కరెంటు ఈ రెసిస్టర్ చుట్టల గుండా వెళ్లి తగ్గుతుంది. 4లో వాటితో పని లేకుండా నేరుగా మోటారుకి చేరుతుంది. చుట్టలు మరీ వేడెక్కితే తెగిపోయే చిన్న ఫ్యూజు ఒకటి రెసిస్టర్ మీదే ఉంటుంది. అది తెగితే మూడు నంబర్లూ ఒకేసారి పోతాయి. ఒక్క నంబరే పోయిందంటే చుట్ట తెగి ఉండొచ్చు, స్విచ్ లోపల ఆ పాయింటయినా కాలి ఉండొచ్చు.

చాలా కార్లలో రెసిస్టర్ ఎడమ సీటు ముందు, డ్యాష్‌బోర్డు డబ్బా కింద, ఫ్యాన్ గూటికి రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కప్లర్ (వైర్ల కొసనున్న ప్లగ్గు) లాకు నొక్కి లాగండి, వైర్లు పట్టుకుని లాగకండి. మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో అతి తక్కువ రేంజిలో పెట్టి పిన్నుల మధ్య చూడండి. బాగున్న చుట్టలు ఒక ఓమ్ లోపు నుంచి కొద్ది ఓమ్స్ దాకా చూపిస్తాయి. మీటరు కదలకపోతే తెగినట్టే. తెగిన ఫ్యూజు చోట వైరు ముక్క అతికి "సెట్ చేశాం" అనేవాళ్లుంటారు. అలా చేయనివ్వకండి. ఇంకోసారి వేడెక్కితే ఆపేది ఏదీ ఉండదు, ప్లాస్టిక్ గూడు అంటుకుంటుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఈ చుట్టల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. దాని మీద ఈ ఓమ్స్ పరీక్ష పనికిరాదు.

కొత్తది పెట్టేముందు పాతది ఎందుకు కాలిందో చూడాలి. లేదంటే నాలుగు నెలలకి మళ్లీ ఇదే కథ. రెసిస్టర్‌ని చల్లబరిచేది ఆ ఫ్యాన్ గాలే. సార్వా మాసూళ్ల దుమ్ముకి, మిల్లుల ఊకకి క్యాబిన్ ఫిల్టర్ పూడుకుపోతే గాలి ఆడదు, చుట్టలు మాడిపోతాయి. ఫిల్టర్ వెలుతురుకి పెట్టి చూడండి. అవతలి వెలుగు కనపడకపోతే పారేయండి, దులిపి పెట్టకండి. రెండోది మోటారు బేరింగు. బ్యాటరీ తీసి ఉండగా ఫ్యాన్‌ని వేలితో తిప్పితే రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరిగి ఆగాలి. గరగరమన్నా, వెంటనే పట్టేసినా మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. అప్పుడు షెడ్డువాళ్ల మాటా నిజమే, రెండూ మార్చాల్సిందే. కరెంటు కొలవాలంటే డీసీ చూపించే క్లాంప్ మీటరు కావాలి. ఇళ్ల వైరింగుకి వాడే మామూలు క్లాంపు ఇక్కడ పనిచేయదు. 10 ఆంపియర్ల మల్టీమీటర్‌ని వరసలో కలిపితే దాని ఫ్యూజు ఎగురుతుంది.

కప్లర్ కూడా విప్పి చూడండి. ప్లాస్టిక్ ఉబ్బినా, పిన్నుకి చిలుము పట్టినా కొత్త రెసిస్టర్ పెట్టి లాభం లేదు. కప్లర్ కూడా అదే మందం వైర్లతో మార్పించాలి. మెలి తిప్పి టేపు చుట్టే అతుకు కోనసీమ తేమకి నిలవదు.

అందాకా ఆవిరికి ఉపాయం: బయటి గాలి వచ్చేలా పెట్టి, 4లో ఫ్యాన్, ఏసీ, హీటర్ మూడూ వేయండి. ఏసీ గాలిలో తేమ పిండేస్తుంది, హీటర్ ఆ గాలిని వేడి చేస్తుంది. లోపలి గాలే తిరిగే బటన్ నొక్కి ఉంటే మాత్రం మన ఊపిరి తేమే తిరిగి అద్దానికి పడుతుంది.

ప్రశ్న: ఫ్యాన్ ఏ నంబర్లోనూ తిరగట్లేదండి. డ్యాష్‌బోర్డు కింద గట్టిగా తడితే ఒక్కోసారి తిరుగుతోంది. ఫ్యూజు బాగానే ఉంది. మనకి హీటరుతో పెద్దగా పనుండదు కదా, వేసవి దాకా ఆగొచ్చా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఆగితే వేసవిలో ఏసీ ఉండదు. హీటరుకీ ఏసీకీ ఫ్యాన్ ఒక్కటే. చాలా కార్లలో ఫ్యాన్ స్విచ్ సున్నాలో ఉంటే కంప్రెసర్ అసలు కలవదు కూడా.

తడితే తిరుగుతోందంటే ముందు మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షుల్నే అనుమానించాలి. అవి అరిగిపోతే కమ్యుటేటరుకి, అంటే ఆ తిరిగే భాగం మీది రాగి పట్టీలకి, సరిగా ఆనవు, తట్టినప్పుడు ఒక క్షణం ఆనుతాయి. కానీ కప్లర్ వదులైనా ఇలాగే అవుతుంది కాబట్టి ఒక పరీక్ష చేయించండి. తాళం ఆన్ చేసి, ఫ్యాన్ 4లో పెట్టి, మోటారు రెండు పిన్నుల మధ్యే వోల్టేజి చూడాలి. 12 వోల్టుల దగ్గర వస్తూ మోటారు తిరగకపోతే మోటారు పోయినట్టు. రాకపోతే వరసగా రిలే, స్విచ్, ఎర్త్ చూడాలి. మీటరు నల్ల కొసని బాడీకి పెట్టి కొలిస్తే మోసపోతారు. కొన్ని కార్లలో స్విచ్ ఎర్త్ వైపు ఉంటుంది, అక్కడ ఫ్యాన్ తిరగనప్పుడు కూడా రెండు వైర్లలోనూ 12 వోల్టులు కనపడతాయి.

ఫ్యూజు ఎప్పుడైనా ఎగిరితే దాని మీదున్న అంకె ప్రకారమే కొత్తది వేయండి. ఆకుపచ్చది 30 ఆంపియర్లు, పసుపుది 20.

ప్రశ్న: ఫ్యాన్ వేస్తే టకటకమని చప్పుడు. వానాకాలంలో ఎడమ సీటు కింద తివాచీ తడిసింది.
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: కారు సరుగుడు చెట్ల కింద పెడుతున్నారా? ఆ సన్నని ఆకులు వైపర్ల కింద జాలీలోంచి దూరి ఫ్యాన్ రెక్కల్లో పడతాయి, నీళ్లు పోయే కన్నాన్నీ మూసేస్తాయి. నిలిచిన నీళ్లు ఫ్యాన్ గూట్లోకి పొర్లుతాయి. జాలీ తీసి ఆకులు ఏరి, ఒక చెంబు నీళ్లు నెమ్మదిగా పోసి కింద చక్రం వైపు కారుతున్నాయో లేదో చూడండి. తివాచీ ఏసీ వేసినప్పుడే తడుస్తుంటే అది ఏసీ నీళ్ల గొట్టం పూడిక. మోటారుని మూడు స్క్రూలు విప్పి కిందికి దించితే రెక్కలు శుభ్రం చేయొచ్చు. అందులో కొబ్బరి పీచు, వడ్లపొట్టు దొరికితే ఎలుక కాపురం పెట్టిందన్నమాట. అప్పుడు వైర్ల తొడుగు కొరికిందేమో వేలితో తడిమి చూసి గానీ ఫ్యాన్ వేయకండి.