పాయింట్ గార్డ్‌ని వదలకుండా పట్టుకుంటే ఏ ప్లే నేర్పాలి?

మాస్టారూ, మీ ఇబ్బంది నాకు బాగా అర్థమైంది. మీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో బంతి మీద పట్టున్నది ఆటని నడిపించే పాయింట్ గార్డ్ ఒక్కడికే. అవతలివాళ్లు వాడి మీదికి చురుకైన డిఫెండర్‌ని వదలగానే మీ ఆట హాఫ్ లైన్ దాటగానే ఆగిపోతోంది, వాడి కోసం స్క్రీన్లతో (డిఫెండర్ దారికి అడ్డంగా మనవాడు నిలబడటమే స్క్రీన్) ఒక సెట్ ప్లే, అంటే ముందే అనుకున్న ఎత్తు, కావాలి. హైస్కూల్ పిల్లలు, గాజువాకలో ఓపెన్ కోర్టు అన్నారు కాబట్టి దానికి తగ్గట్టే చెబుతాను. నేనూ ఎంవీపీ కాలనీ వైపు సిమెంట్ కోర్టులో చాలాకాలంగా ఆ వయసు పిల్లలకే నేర్పుతున్నాను.

అందరూ ముందు చెప్పేది పిక్ అండ్ రోల్: బంతి ఉన్నవాడి డిఫెండర్‌కి ఒకడు స్క్రీన్ పెట్టి, తను రింగ్ వైపు తిరిగి పరిగెత్తడం. హైస్కూల్ టీమ్‌కి నేను దానితో మొదలుపెట్టను. బంతి ఉన్నవాడికి స్క్రీన్ పెట్టడానికి మీ పివట్ (రింగ్ దగ్గర ఆడే పొడుగువాడు) వస్తే, పివట్‌ని కాస్తున్నవాడు కూడా వెంటే వస్తాడు. ఇప్పుడు మీవాడి ముందు ఇద్దరు. పెద్ద ఆటగాళ్లయితే ఆ ఇద్దరి మధ్యలోంచి పాస్ లాగేస్తారు. పద్నాలుగేళ్ల కుర్రాడు టెన్షన్‌లో బంతి రెండు చేతుల్తో పట్టేసుకుంటాడు, ఇక డ్రిబుల్ (బంతిని నేలకి కొడుతూ కదలడం) లేదు. అందుకే ముందు వాడి చేత బంతి వదిలించి, స్క్రీన్ల పక్కనుంచి పరిగెత్తించి, మళ్లీ వాడికే బంతి ఇప్పించాలి. మీవాడు పాస్ ఇచ్చిన క్షణంలో డిఫెండర్ తల బంతి వైపు తిరుగుతుంది. మనకి కావాల్సింది ఆ అర సెకనే.

దీనికి యూసీఎల్ఏ కట్‌కి మించింది నాకు కనబడలేదు. 1964 నుంచి 1975 లోపు 10 సార్లు అమెరికా కాలేజీ టైటిల్ గెలిచిన కోచ్ జాన్ వుడెన్ యూసీఎల్ఏ (లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ) టీమ్ వల్ల దానికా పేరొచ్చింది.

పాయింట్ గార్డ్ పైన, అంటే రింగ్‌కి దూరంగా హాఫ్ లైన్ వైపు, మధ్యలో ఉంటాడు. ఫ్రీ త్రో లైన్‌ని సైడ్ లైన్ల వైపు పొడిగిస్తే ఆ వరసలో రెండు పక్కలా, అంటే రెండు వింగుల్లో, ఇద్దరు (వాళ్లనీ వింగ్ అనే అంటాం). పొడుగువాళ్లిద్దరూ రెండు ఎల్బోల దగ్గర, అంటే ఫ్రీ త్రో లైన్ పెయింట్ (రింగ్ ముందుండే దీర్ఘచతురస్రం) అంచుని కలిసే మూలల్లో. పాయింట్ గార్డ్ కుడి వింగ్‌కి పాస్ ఇస్తాడు. కుడి ఎల్బోలో ఉన్న పివట్ ఒక అడుగు పైకొచ్చి, పాయింట్ గార్డ్‌ని కాస్తున్నవాడి వెనక స్క్రీన్ పెడతాడు. మీవాడు పివట్ భుజానికి భుజం రాసుకుంటూ రింగ్ వైపు దూసుకెళ్తాడు. వింగ్ మొదట చూడాల్సిన పాస్ అదే. అందితే లేఅప్, అంటే రింగ్ పక్కనుంచే వేసే షాట్.

కాస్త తెలిసిన టీమ్ ఆ పాస్ ఇవ్వనివ్వదు. అసలు ప్లే అక్కడ మొదలవుతుంది. స్క్రీన్ పెట్టిన పివట్ త్రీ పాయింట్ లైన్ దగ్గరికి అడుగేస్తాడు. వింగ్ బంతి వాడికిచ్చి, తను కిందికి దిగి, రింగ్ పక్కన పెయింట్ బయట ఉన్న పాయింట్ గార్డ్ కోసం డౌన్ స్క్రీన్ పెడతాడు. మీవాడు ఆ స్క్రీన్ పక్కనుంచి పైకొచ్చి వింగ్‌లో బంతి అందుకుంటాడు. పిక్ (బంతి ఉన్నవాడి కోసం పెట్టే స్క్రీన్) కావాలంటే ఇప్పుడు పెట్టించండి. పాస్ ఇచ్చిన పివట్ ఆ ఊపులోనే వచ్చి పెట్టొచ్చు. డిఫెండర్ అప్పటికే రెండు స్క్రీన్లు తప్పించుకుని వచ్చాడు, ఒక అడుగు వెనకబడి ఉంటాడు. పాయింట్ గార్డ్ మాత్రం కింద పెయింట్ లోపల ఆగకూడదు, 3 సెకన్లు దాటితే విజిల్.

ఎడమ పక్క ఇద్దరి గురించి ఎవరూ పట్టించుకోరు గానీ, ప్లే చెడేది వాళ్ల వల్లే. ఎల్బోలో ఉన్నవాడు అక్కడే ఉండాలి, వింగ్ కార్నర్ వైపు జరగాలి. రింగ్ దగ్గరికి వచ్చారంటే తమ డిఫెండర్లనీ వెంటబెట్టుకొస్తారు, లేఅప్ దారి మనమే మూసుకున్నట్టు. బంతి రాదని తెలిసీ ఊరికే నిలబడటం ఆ వయసు పిల్లలకి పరిగెత్తడం కంటే కష్టం. నేను ఆ రెండు చోట్లా చాక్‌పీస్‌తో గుండ్రాలు గీసి, గీత దాటినవాడి చేత కోర్టు చుట్టూ ఒక రౌండ్ కొట్టించేవాణ్ణి.

స్క్రీన్ పెట్టేవాడికి చెప్పాల్సింది తక్కువే, కానీ గట్టిగా చెప్పాలి. రెండు పాదాలూ నేల మీద, ఒళ్లు తగిలే సమయానికి కదలిక ఉండకూడదు. ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్ ప్రకారం, నిలబడి ఉన్న డిఫెండర్‌కి కనబడకుండా వెనకనుంచి పెట్టే స్క్రీన్ అయితే ఒక మామూలు అడుగు వేసేంత జాగా వదలాలి. ఈ ప్లేలో మొదటి స్క్రీన్ అలాంటిదే. మన సిమెంట్ కోర్టులో వెనక్కి తగిలి పడితే మోచేతులు చెక్కుకుపోతాయి, కాబట్టి ప్రాక్టీస్‌లో కూడా ఆ అడుగు వదిలించండి. చేతులు ఛాతీ మీద కట్టుకోమనండి. చివరి క్షణంలో తుంటి పక్కకి తోయడం అందరికీ అలవాటు, రిఫరీలు ముందు చూసేదీ అదే.

మీ టైమంతా పాయింట్ గార్డ్ మీద పెట్టండి. పాస్ ఇవ్వగానే పరిగెత్తుతాడు, స్క్రీన్ ఇంకా కుదురుకోదు, డిఫెండర్ హాయిగా వెంట వచ్చేస్తాడు. పివట్ పాదాలు ఆగేదాకా ఆగమనండి. ఆగినంతసేపూ ఊరికే ఉండకుండా ఎడమకి రెండు అడుగులు నింపాదిగా వేయాలి, డిఫెండర్ కూడా అటు జరుగుతాడు, అప్పుడు ఒక్కసారి కుడికి కొట్టాలి. మద్దిలపాలెం జంక్షన్‌లో ఆర్టీసీ బస్సుని ఆనుకుని రోడ్డు దాటేవాణ్ణి గుర్తు చేస్తాను మా పిల్లలకి: బస్సుకీ వాడికీ మధ్య ఆటో దూరే సందు ఇవ్వడు. భుజానికి భుజం అంటే అంత దగ్గర. డిఫెండర్ ముందే పసిగట్టి బంతి వైపు గెంతితే, పివట్‌కి అవతలి పక్కనుంచి వెళ్లాలి.

డౌన్ స్క్రీన్ దగ్గర చూపు ఇంకా ముఖ్యం. డిఫెండర్ వెనకే తరుముతుంటే స్క్రీన్ చుట్టూ తిరిగి పెయింట్‌లోకి రావాలి. వాడు అడ్డదారిన స్క్రీన్‌కి అవతల కాచుకుంటే కార్నర్ వైపు వెనక్కి జారాలి. ఇద్దరు డిఫెండర్లూ మనుషుల్ని మార్చుకుంటే స్క్రీన్ పెట్టిన వింగ్ వెంటనే రింగ్ వైపు తిరగాలి, ఆ తికమకలో వాడే ఖాళీగా దొరుకుతాడు. ఇవన్నీ ఒకే రోజు చెప్పకండి. ముగ్గురికి ముగ్గుర్ని పెట్టి, డిఫెండర్‌కి చెవిలో ఏం చేయాలో మీరే చెప్పి, పాయింట్ గార్డ్ కళ్లతో చూసి ఎంచుకునేదాకా ఒక్కొక్కటీ ఆడించండి. ఐదుగురితో డిఫెన్స్ లేకుండా పదేపదే నడిపిస్తే చూడ్డానికి బాగుంటుంది, మ్యాచ్‌లో పనికిరాదు.

ప్రాక్టీస్ మొదట్లోనే ఇది పెట్టండి. మన ఉక్కపోతకి అరగంటయ్యేసరికి అరచేతులు జారతాయి, పాస్‌లు తప్పుతాయి, పిల్లలేమో ప్లే బాలేదనుకుంటారు.

స్కూల్ మ్యాచ్‌లో షాట్ వేయడానికి గడువు చూపే 24 సెకన్ల గడియారం ఉండకపోవచ్చు. అయినా బంతి హాఫ్ లైన్ దాటినప్పటి నుంచి మీరు పైకి లెక్కపెట్టండి. 12 లోపు చివరి పిక్ పడాలి. ప్లేకి ఏదో ఒక పేరు పెట్టుకోండి. మాది "జగదాంబ". అరిస్తే అవతలి బెంచీ వాళ్లు నవ్వారు, అంతకంటే ఇబ్బందేం లేదు.

అవతలివాళ్లు 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, మనిషిని కాక చోటుని కాసే డిఫెన్స్) వేస్తే మాత్రం ఆ పేరు పిలవొద్దు. జోన్‌లో మీవాణ్ణి అంటిపెట్టుకున్న మనిషే ఉండడు, స్క్రీన్ ఎవరికి పెడతారు? అప్పుడు ఒక పొడుగువాణ్ణి ఫ్రీ త్రో లైన్ మధ్యకి పిలిచి బంతి వాడికివ్వండి, రెండోవాణ్ణి బేస్‌లైన్ (రింగ్ వెనక గీత) వెంట తిప్పండి, పాయింట్ గార్డ్‌ని వింగ్‌లో షాట్‌కి సిద్ధంగా ఉంచండి.