స్టేషన్‌కి పేరు పెట్టే ముందు: అబ్బాయికి బాబాయ్ ఉత్తరం

చిరంజీవి అబ్బాయికి,

బాబాయ్ ఆశీస్సులు. మీ సంఘానికి ఎఫ్‌సీసీ, అదే రేడియో లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ, నుంచి లో పవర్ ఎఫ్‌ఎం (చిన్న రేడియో స్టేషన్) పర్మిట్ వచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పగానే నాకు నోట మాట రాలేదు. ఉండేది 100 వాట్లే, వినపడేది మూడున్నర మైళ్ల మేరే. అయినా నార్త్ కరోలినాలో మనవాళ్లు వంట చేసుకుంటూ, పిల్లల్ని స్కూల్లో దింపుతూ తెలుగు వింటారు. ఇంతకంటే ఏం కావాలి?

నువ్వు పంపిన పేర్ల లిస్టు రెండుసార్లు చదివాను. కాల్ లెటర్స్, అంటే స్టేషన్‌ని గుర్తించే అక్షరాల కింద మొదట రాసిన నాలుగక్షరాలు చూడగానే నాకు మా గుమ్మం ముందు ఆగే కొరియర్ వ్యాన్ గుర్తొచ్చింది. దాని కింద స్లోగన్ "జస్ట్ విను" చూడగానే నైకీ బూట్ల "జస్ట్ డూ ఇట్" గుర్తొచ్చింది. "తెలిసిన పేరులా ఉంటే జనం నోట్లో ఇట్టే నానుతుంది బాబాయ్" అని నువ్వే రాశావు కూడా. ఆ రెండూ వద్దు నాన్నా. ఎందుకో కాస్త ఓపిగ్గా చదువు.

ముందు నా అనుభవం చెప్తాను. ఇరవై ఏళ్ల కిందట చికాగోలో మేము నలుగురం కలిసి, ఒక స్టేషన్‌లో ఆదివారం పొద్దున గంటసేపు టైమ్ కొనుక్కుని తెలుగు ప్రోగ్రాం నడిపేవాళ్లం. దానికి ఒక పెద్ద కాఫీ కంపెనీ పేరు ధ్వనించేలా పేరు పెట్టాం. మూడో వారం ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, పాటలు బాగా వేస్తున్నారు. మా కోడలు రోజూ మీ కొట్లోనే కాఫీ తాగుతుంది. కాస్త మన ఫిల్టర్ కాఫీ కూడా పెట్టించండి" అన్నారు. ఆవిడ మాటల్లో వేళాకోళం లేదు, నిజంగానే అలా అనుకున్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకి లాయర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. నెల రోజుల్లో పేరు మార్చాలి. దాతలకి ఇద్దామని చేయించిన మగ్గులు బేస్‌మెంట్‌లో అట్టపెట్టెల నిండా ఉన్నాయి. నేనూ మీ పిన్నీ రాత్రిళ్లు కూర్చుని, హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, బ్లేడుతో ఆ పేరు గీకేవాళ్లం. కొన్నింటి మీద రంగు పోయినా అక్షరాల నీడ మిగిలిపోయింది. డబ్బు సంగతి అటుంచు, ఏడాది పాటు కూడగట్టుకున్న గుర్తింపు అంతా మళ్లీ మొదటికి వచ్చింది. "ఆ కాఫీ పేరు వాళ్లు మానేశారట" అనుకున్నారే తప్ప, మా కొత్త పేరు చాలామందికి తెలియనే లేదు.

"మరి పెద్ద పెద్ద స్టేషన్ల అక్షరాలన్నీ కంపెనీలవే కదా" అని రాశావు. అవును. కానీ అవి ఆ కంపెనీలు సొంతంగా పెట్టుకున్న స్టేషన్లు. చికాగోలో డబ్ల్యూఎల్ఎస్ అంటే వరల్డ్స్ లార్జెస్ట్ స్టోర్. 1924లో ఆ స్టేషన్ పెట్టింది సియర్స్ దుకాణాల వాళ్లే. డబ్ల్యూజీఎన్ అంటే వరల్డ్స్ గ్రేటెస్ట్ న్యూస్‌పేపర్, అది చికాగో ట్రిబ్యూన్ తన గురించి తాను చెప్పుకున్న మాట. నాష్‌విల్‌లో డబ్ల్యూఎస్ఎం 1925లో మొదలైంది. అది ఒక ఇన్సూరెన్స్ కంపెనీది, వాళ్ల స్లోగన్ "వీ షీల్డ్ మిలియన్స్"లోంచి ఆ అక్షరాలు తీశారు. మీ పక్కనున్న రాలీలోనే డబ్ల్యూపీటీఎఫ్ ఉంది చూడు, "వీ ప్రొటెక్ట్ ద ఫ్యామిలీ." అదీ ఇన్సూరెన్స్ వాళ్లదే. మినియాపొలిస్ డబ్ల్యూసీసీఓలో ఉన్నది వాష్‌బర్న్ క్రాస్బీ కంపెనీ, పిండి మిల్లు వాళ్లు. 1926 క్రిస్మస్ ముందు రోజు వాళ్లు పొద్దున పాలల్లో వేసుకుని తినే తమ వీటీస్ అటుకుల కోసం నలుగురు గాయకుల చేత పాట పాడించింది ఆ స్టేషన్‌లోనే.

వాళ్లు తమ సొంత పేరు గాలిలో వినిపించారు. సియర్స్ 1928లోనే స్టేషన్ అమ్మేసుకుంది, అక్షరాలు మాత్రం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. నువ్వు చేయబోయేది దీనికి తిరగేసిన పని. మన ఖర్చుతో, మన గొంతుతో వాళ్ల పేరు వినిపించడం.

ఇక నువ్వు చూపించిన రెండు ఉదాహరణలు. కనెక్టికట్‌లో డబ్ల్యూబీఎండబ్ల్యూ ఉంది, ఆస్టిన్‌లో కేఓకేఈ ఉంది, వాళ్లకి లేని ఇబ్బంది మనకెందుకు అన్నావు. కేఓకేఈ పలికితే "కోక్" అనే వస్తుంది, నిజమే. 1970ల్లో ఆస్టిన్‌లో అది కంట్రీ పాటలకి పేరుమోసిన స్టేషన్. అయితే ఇంకో సంగతి తెలుసుకో. కోక్ మాటని కె తో రాసి పానీయం అమ్మిన ఒక కంపెనీ మీద కోకా కోలా వాళ్లు కేసు వేస్తే, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1920 డిసెంబరులో ఆ పేరు వాడొద్దని కోర్టు చెప్పింది. రేడియోలే కొత్తగా వస్తున్న రోజులవి, పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ స్టేషన్ అమెరికా ఎన్నికల ఫలితాలు చదివి అప్పటికి నెల రోజులు దాటిందేమో, అంతే. పానీయానికి చెల్లని పేరు పాటల స్టేషన్‌కి చెల్లిందంటే, రెండూ వేర్వేరు సరుకులు కాబట్టి. కానీ ఆ ధీమాతో మనం ఉండకూడదు. బాగా పేరున్న బ్రాండ్ అయితే, జనం పొరపాటు పడ్డారని ఇప్పుడు రుజువు చేయక్కర్లేదు. తమ పేరు పలచబడుతోందని చూపిస్తే చాలు. 1996లో దానికి ఫెడరల్ చట్టం వచ్చింది, 2006లో దాన్ని ఇంకా గట్టి చేశారు. చివరికి మనమే గెలుస్తామేమో కూడా. కానీ లాయర్ ఫీజుకి మీ సంఘం దగ్గర డబ్బెక్కడిది?

ఎఫ్‌సీసీ అక్షరాలు ఇచ్చేసింది కదా అని మాత్రం నిశ్చింతగా ఉండకు. ఒకప్పుడు పక్క స్టేషన్ పేరులా వినపడుతోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే వాళ్లు విచారించేవారు. 1980ల్లోనే ఆ తగాదాల నుంచి తప్పుకున్నారు. ఖాళీగా ఉంటే, ముందు అడిగినవాళ్లకి ఇస్తారు. ట్రేడ్‌మార్క్ గొడవ ఉంటే కోర్టులో తేల్చుకోవాల్సిందే.

స్లోగన్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మీది లాభాపేక్ష లేని స్టేషన్, ప్రకటనలు వేయకూడదు. సాయం చేసినవాళ్ల పేరు, ఊరు, వాళ్లేం అమ్ముతారో చెప్పొచ్చు. "ఈ రోజే రండి", "ఊళ్లో అందరికంటే చవక" అనకూడదు, ధర చెప్పకూడదు. ఇంత కట్టుదిట్టం ఉన్నచోట, గంటకి నాలుగుసార్లు బూట్ల కంపెనీ స్లోగన్‌లాంటిది వినిపిస్తే విన్నవాళ్లు ఏమనుకుంటారు? ఆ కంపెనీ డబ్బుతో నడుస్తోందనుకుంటారు. రేపు నువ్వు బిర్యానీ హోటల్ ఆయన దగ్గరికి సాయం అడగడానికి వెళ్తే, "మీకు అంత పెద్దవాళ్లున్నారు కదండీ" అంటాడు.

అక్షరాల సంగతికొస్తే, మీరు మిసిసిపీ నదికి తూర్పున ఉన్నారు కాబట్టి డబ్ల్యూతో మొదలవ్వాలి, చివర లో పవర్ అని తెలిపే ఎల్‌పీ వస్తుంది. మధ్యలో మూడక్షరాలు నీ ఇష్టం. నాకు తోచింది చెప్తాను. డబ్ల్యూని మనం "వ" అని చదువుతాం కదా. దాని పక్కన ఐ, ఎన్, యూ పెట్టి చూడు. "విను"! నీ స్లోగన్‌లో అసలు విలువైన మాట అదే, "జస్ట్" అక్కర్లేదు. "వాణి" అని వచ్చేలా పెడదామంటే అది అలబామాలో ఒక ఏఎం స్టేషన్ దగ్గర ఉంది. వేరేవాళ్ల దగ్గర ఉన్న అక్షరాలు కావాలంటే వాళ్ల రాతపూర్వక అంగీకారం కావాలి. "విను" ఖాళీగా ఉందో లేదో ఎఫ్‌సీసీ సైట్‌లో ఈ రాత్రే చూడు. ఏది ఎంచుకున్నా, ఒక ఐదుగురు పెద్దవాళ్లకి ఫోన్ చేసి అక్షరాలు చదివి, కాగితం మీద రాయమను. బీ, డీ, పీ, టీ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి, ఎం, ఎన్ కూడా అంతే. ముగ్గురు తప్పు రాస్తే ఆ అక్షరాలు వదిలెయ్.

గంట గంటకీ చెప్పాల్సిన ప్రకటన గురించి అడిగావు. కాల్ లెటర్స్, వెంటనే ఊరి పేరు. మధ్యలో ఫ్రీక్వెన్సీ గానీ సంఘం పేరు గానీ చెప్పుకోవచ్చు, స్లోగన్ దూర్చకూడదు. ఇది మనకి కొత్తేమీ కాదు. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం." పేరు, ఊరు, అంతే. చిన్నప్పుడు నేనూ మీ నాన్నా ఆ రెండు ముక్కలు వినపడగానే ఆట ఆపి అరుగెక్కేవాళ్లం. దానికి ఏ కంపెనీ మాటా తోడు లేదు.

మొదటి రోజు ఆ ప్రకటన మా వదిన చేత చదివించు. ఆవిడ గొంతులో ఒక్క అక్షరం తడబడదు. రికార్డు చేసి ఫైలు పంపు, మీ పిన్ని ఇప్పటి నుంచే అడుగుతోంది.

ఇట్లు,
బాబాయ్