నాలుగేళ్ళ బాబు పళ్ళ డాక్టర్ అంటేనే ఏడుస్తున్నాడు, ఎలా తీసుకెళ్ళాలి?

ముందు ఒక విషయం చూసుకోండి. ఇంట్లో ఎవరైనా "అన్నం తినకపోతే డాక్టర్‌తో సూది వేయిస్తా" అంటున్నారా? ఈ భయం చాలాసార్లు మనం పెట్టిందే. మా ఇంట్లో ఆ మాట అన్నది నేనే.

మా పాపకి అయిదో ఏడు నడుస్తుండగా కింది దవడ పన్ను పుచ్చి, రాత్రంతా చెంప పట్టుకుని ఏడ్చింది. తెల్లారగానే దగ్గర్లోని క్లినిక్‌కి పరుగెత్తాం. బయట కూర్చుంటే లోపల్నుంచి మిషన్ గుయ్యిమంటోంది. పాప నా చున్నీ కొస పిడికిట్లో బిగించింది. "ఏం చేయరమ్మా, చూస్తారంతే" అన్నాను. లోపలికెళ్ళాక నర్సు కాళ్ళు పట్టుకుంది, నేను చేతులు పట్టుకున్నాను, పన్ను పీకేశారు. ఆ తర్వాత మూడు వారాలు బ్రష్ చూస్తే చాలు, పెదాలు బిగించేసేది. "నువ్వు కూడా పట్టుకున్నావు కదమ్మా" అంది ఒకరోజు.

రెండు నెలలకి, పిల్లల పళ్ళ మీదే ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పీజీ) చేసిన ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఆ రోజు వైద్యమేమీ చేయలేదు. చిన్న అద్దం పాప చేతికిచ్చి నా పళ్ళు లెక్కపెట్టించారు. తర్వాత పాపవి లెక్కపెట్టి, "ఇరవై ఉండాలే, ఒకటి ఏదీ?" అన్నారు. అంతే, జరిగిందంతా పాపే చెప్పుకొచ్చింది. మళ్ళీ వెళ్ళినప్పుడు తిరిగే బ్రష్‌ని ముందు గోటి మీద ఆనించి చూపించాకే నోట్లో పెట్టారు. చెప్పి, చూపించి, ఆ తర్వాతే చేయడమనే ఈ పద్ధతి 1959 నుంచీ ఉంది. చేయి ఎత్తితే ఆపేస్తానని మాటిచ్చారు, రెండుసార్లు ఆపారు కూడా. మూడోసారికి ఇంకో పన్నుకి ఫిల్లింగ్ అయిపోయింది.

"పాలపళ్ళే కదా, ఊడిపోయేవే" అనే పెద్దవాళ్ళ మాట వినకండి. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. కింద నుంచి వచ్చే పన్నుకి చోటు కాపాడేవి అవే. రాత్రి పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం కూడా మానేయండి, మా పాప పళ్ళు పుచ్చింది దానివల్లే. అసలు మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి చూపించాలని పిల్లల డెంటిస్టులు చెబుతారు. మీ బాబుకి నొప్పి లేకపోతే ఈ వారమే తీసుకెళ్ళి, పళ్ళు లెక్కపెట్టించి వచ్చేయండి. ఏం చేయరని మాత్రం అబద్ధం చెప్పకండి.

మా పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు. మొన్న తనే కుర్చీ ఎక్కి, "చేయి ఎత్తితే ఆపాలి" అని డాక్టరమ్మకి గుర్తు చేసింది. రెండో చేత్తో నా చున్నీ మాత్రం ఇంకా పట్టుకునే ఉంటుంది.