పాత బావిలో దిగే ముందు లాంతరు దించి చూస్తే చాలా?

రెండేళ్లుగా వాడని బావిలో పూడిక తీయించాలి, ఊళ్లో పెద్దాళ్లు లాంతరు దించి చూడమంటున్నారు, ఆరకపోతే దిగొచ్చా అని కదా మీరడిగింది. ఆరిపోతే ఎట్టి పరిస్థితుల్లో దిగొద్దండి, ఆరకపోయినా దాన్ని నమ్మి దిగొద్దు.

మాది ప్రకాశం జిల్లా. 2009 ఎండాకాలంలో మా బాబాయ్ వాళ్ల బావిలో నీళ్లు అడుక్కి పోయాయి, పైనుంచి పైపు అందక, పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరసనాయిలు మీద నడిపే చిన్న ఇంజన్ ఉంటది చూడండి, దాన్ని మోకులు కట్టి లోపలికి దించి నడిపారు. గంటకి కిరసనాయిలు అయిపోయి ఆగింది, పోద్దామని ఒకతను దిగాడు. దిగే ముందు లాంతరు కూడా దించి చూశాం, శుభ్రంగా వెలుగుతోంది. రెండు నిమిషాలకి తల తిరుగుతోంది అన్నాడు, ఆ తర్వాత పిలిస్తే పలకలేదు. బాబాయ్ చెప్పులిడిచి దిగబోతుంటే పిన్ని వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగేసింది (చొక్కా చిరిగింది, ఆ సంగతి బాబాయ్ ఇప్పటికీ దెప్పుతాడు). అదృష్టం కొద్దీ దిగినోడి నడుముకి మోకు కట్టి ఉంది, అందరం కలిసి లాగేశాం, హాస్పిటల్లో ఆక్సిజన్ పెట్టాక తేరుకున్నాడు.

లాంతరు ఎందుకు చెప్పలేదు అంటే, అది చెప్పేది ఆక్సిజన్ ఉందా లేదా అన్న ఒక్కటే. మామూలు గాలిలో దాదాపు 21 శాతం ఉంటది, 16, 17కి పడితే దీపం ఆరిపోద్ది. ఆకులు, బురద కుళ్లేటప్పుడు ఆక్సిజన్ని తినేసి కార్బన్ డయాక్సైడ్ వదుల్తాయి, అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి గాలాడని బావిలో అడుగునే కూర్చుంటది, అది లాంతరుకి దొరుకుద్ది. కానీ ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనా రంగూ ఉండవు, కొంచెం ఉన్నా చాలు రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా పట్టుకుంటది, పక్కనే దీపం వెలుగుతుండగానే మనిషి పడిపోతాడు. కుళ్లిన గుడ్డు వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి, మోతాదు పెరిగేకొద్దీ ముక్కు మొద్దుబారి వాసన తెలీకుండా పోద్ది, హమ్మయ్య పోయిందిలే అనుకుంటాం. ఇక మురుగులో మీథేన్ కూడా ఉంటే మనం దించిన లాంతరే నిప్పంటిస్తది.

ఒకరు పడిపోతే ఇంకొకరు దూకడం మాత్రం అస్సలొద్దు. 2015 నవంబర్లో కేరళ కోళికోడ్‌లో మ్యాన్‌హోల్లో దిగిన ఇద్దరు మన ఆంధ్ర కూలీలు పడిపోతే, కాపాడదామని అక్కడి ఆటో డ్రైవర్ ఒకాయన దిగాడు, ముగ్గురూ పోయారు.

మా ఊళ్లో వేపకొమ్మ తాడుకి కట్టి బావిలో పైకీ కిందకీ ఆడించేవాళ్లు, గాలి కదుల్తది కాబట్టి అది ఊరికే నమ్మకం కాదు గానీ అదొక్కటే చాలదు. మీరు బ్లోయర్ అద్దెకి తెచ్చి దాని గొట్టం అడుగుదాకా దించి బాగాసేపు గాలి కొట్టించండి, లోపలి గ్యాసులు కొలిచే మీటర్ దొరికితే చూపించుకుని మనిషిని దించండి, దిగినోడికి నడుముకి మోకు, పైన లాగడానికి కనీసం ముగ్గురు. ఇంజన్ ఏదైనా సరే బావి పైనే, అదీ పొగ లోపలికి రానంత దూరంలో. మనిషి పైకొచ్చేదాకా బ్లోయర్ ఆగకూడదు కాబట్టి కరెంట్ కోత ఉన్న రోజు పని పెట్టుకోవద్దు.